కలిప్సో ఓడలో ఒక్కతే ఆడమనిషి

విశాఖపట్నంలో ఇంజినీరింగు చదువుతున్న మా అక్క కూతురు ఆమధ్య ఒక ఫొటో పంపింది. ఒళ్ళంతా బిగుతుగా నల్లటి తొడుగు, కళ్ళనీ ముక్కునీ కప్పేస్తూ ఒక అద్దం, నోట్లో రబ్బరు గొట్టం, వీపున సిలిండరు. ఎవరో ఆనవాలు పట్టడానికే నాకు నిమిషం పట్టింది. సముద్రం అడుగున చేపల మధ్య నుంచి చెయ్యి ఊపుతున్నది మా పిల్లే!

ఆ ఫొటో మా ఇంట్లో రేపిన గొడవ మీరు ఊహించుకోగలరు. మా అత్తయ్య ఫోను కళ్ళ దగ్గరగా పెట్టుకుని చూసి, ఆ బట్టలేమిటే అని మొదలుపెట్టారు. మావారు చదువుతున్న పేపరు మడిచి, నీళ్ళ కింద పక్కనే ఉండి చూసుకునేవాళ్ళు ఒకరుంటారు కదా, ఆ ఒకరు మగవాడా ఆడమనిషా అని అడిగారు. గిద్దలూరు నుంచి అక్క ఫోన్‌లో ఏడ్చినంత పని చేసింది. పెళ్ళి కావలసిన పిల్ల, ఈ ఫొటో నలుగురి కంటా పడితే ఎలా అని దాని బెంగ. పిల్ల ఎంత లోతుకు వెళ్ళింది, అక్కడ ఏం చూసింది అని మాత్రం ఎవ్వరూ అడగలేదు. అబద్ధం ఎందుకు, ఆ పూట నేనూ అడగలేదు.

రాత్రి గిన్నెలు సర్దుకుని, అందరూ పడుకున్నాక అడిగాను. గంటసేపు చెప్పింది. ఆ మాటల్లోనే, స్కూబా నేర్పేవాళ్ళ గదిలో గోడ మీద ఎర్ర టోపీ పెట్టుకున్న సన్నటి ముసలాయన బొమ్మ ఉందనీ, నీళ్ళ కింద ఊపిరి పీల్చుకునే ఈ సాధనం తయారుచేసింది ఆయనేననీ చెప్పింది. జాక్ కూస్తో. పేరు విన్నదే. ఆయన గురించి నాలుగు ముక్కలు తెలుసుకుందామని చదవడం మొదలుపెట్టి, ఆయన భార్య దగ్గర ఆగిపోయాను. నెల రోజులుగా వంట చేస్తున్నా, బట్టలు ఆరేస్తున్నా ఆవిడే నా మనసులో మెదులుతోంది. ఈ వారం కథ రాయాల్సినదాన్ని, ఆవిడ గురించి రాస్తున్నాను.

ఆవిడ పేరు సిమోన్ మెల్షియోర్. 1919 జనవరి 19న ఫ్రాన్సు దక్షిణ తీరంలోని తూలోన్ అనే రేవు పట్టణంలో పుట్టింది. తాతల నాటి నుంచీ నౌకాదళంలో పెద్ద పదవులు చేసిన కుటుంబం. తండ్రి అన్రీ మెల్షియోర్ కూడా నౌకాదళంలో పనిచేసి, తర్వాత ఎయిర్ లిక్విడ్ అనే కంపెనీలో చేరాడు. ఆక్సిజన్ లాంటి వాయువులు తయారుచేసి సిలిండర్లలో నింపి అమ్మే కంపెనీ అది. ఈ కంపెనీ పేరు గుర్తుపెట్టుకోండి, ముందు ముందు దీనితో పని ఉంది. తండ్రి ఉద్యోగం వల్ల సిమోన్ చిన్నతనంలో కొంతకాలం జపాన్‌లోని కోబేలో పెరిగింది. ఇంట్లో అందరి నోటా ఓడల మాటలే. కానీ ఆడపిల్లకు నౌకాదళంలో ఓడ ఎక్కే వీలు లేని రోజులవి. ఆ ఇంట పుట్టిన మగపిల్లవాడికి పుట్టుకతో వచ్చే సముద్రం ఆడపిల్లకు పెళ్ళితో రావాలి.

అలాగే వచ్చింది. 1937లో పారిస్‌లో ఒక విందులో జాక్ ఈవ్ కూస్తో అనే యువ నౌకాదళ అధికారిని కలిసింది. అదే ఏడాది జూలై 12న పెళ్ళి. అప్పటికి ఆమెకు పద్ధెనిమిదేళ్ళు, ఆయనకు ఇరవై ఏడు. 1938లో పెద్దకొడుకు జాన్ మిషెల్, 1940లో చిన్నకొడుకు ఫిలిప్ పుట్టారు. ఈలోగా రెండో ప్రపంచయుద్ధం వచ్చింది. ఫ్రాన్సు జర్మనీ గుప్పిట్లోకి వెళ్ళింది.

కూస్తోకు నీళ్ళ కింద ఈదడం పిచ్చి. ఈత అద్దాలు పెట్టుకుని, ఊపిరి బిగబట్టి దిగేవాడు. ఊపిరి ఎంతసేపు ఆగుతుంది, ఒక నిమిషం, మహా అయితే రెండు. అంతకు ముందు లోతుకు దిగేవాళ్ళు లేకపోలేదు. పెద్ద ఇత్తడి టోపీ, బరువైన బూట్లు వేసుకుని, పైనుంచి గొట్టంతో గాలి పంపిస్తే అడుగున నడిచేవాళ్ళు. తాడు కట్టిన కోడెదూడ బతుకు అది, గొట్టం ఉన్నంత మేరే తిరగాలి. చేపలా ఎటు కావాలంటే అటు వెళ్ళాలంటే గాలిని వెంట తీసుకెళ్ళాలి.

ఇందులో ఉన్న చిక్కేమిటో మనలాంటి వాళ్ళకు సులువుగానే అర్థమవుతుంది. మన వంటింట్లో గ్యాసు సిలిండరు మీద రెగ్యులేటరు ఉంటుంది కదా. లోపల బలంగా కుక్కి ఉన్న గ్యాసును అది నెమ్మది చేసి, పొయ్యికి సరిపడా వదులుతుంది. నీళ్ళలో దిగేవాడికీ అలాంటిదే కావాలి, కానీ ఇంకాస్త తెలివైనది. పది మీటర్లు దిగితే ఒంటి మీద ఒత్తిడి ఒడ్డున ఉన్నదానికి రెట్టింపవుతుంది. ఇరవై మీటర్లకు మూడింతలు. లోపలికి వెళ్ళే గాలి కూడా ఆ లోతుకు తగ్గ ఒత్తిడితోనే రావాలి, లేకపోతే ఛాతీ పొంగదు. అదీ పీల్చినప్పుడే రావాలి, ఊరికే కారిపోకూడదు.

సరిగ్గా ఇక్కడే పుట్టింటి సాయం అందింది. యుద్ధంలో పెట్రోలు దొరక్క ఫ్రాన్సులో కార్లు గ్యాసుతో నడుపుతున్నారు. ఎయిర్ లిక్విడ్ కంపెనీలో ఎమిల్ గాన్యాన్ అనే ఇంజినీరు, ఇంజను ఎంత పీలిస్తే అంతే గ్యాసు వదిలే చిన్న పరికరం ఒకటి తయారుచేశాడు. మామగారి కంపెనీ ద్వారా 1942 చివర్లో కూస్తో ఆయన్ని కలిశాడు. ఇద్దరూ కూర్చుని, ఇంజను పీల్చే గ్యాసు స్థానంలో మనిషి పీల్చే గాలి పెట్టారు. 1943 జనవరిలో మార్న్ నదిలో పరీక్షించారు. తిన్నగా నిలబడితే గాలి వృథాగా బుడబుడమని పోయింది, తలకిందులైతే సరిగ్గా అందలేదు. గాలి ఇచ్చే చోటూ, వదిలిన ఊపిరి బయటికి పోయే చోటూ ఒకే మట్టాన ఉండేలా మార్చారు. పని జరిగింది.

ఇక అసలు పరీక్ష సముద్రంలో. 1943 జూన్. తూలోన్‌కు దగ్గరలో బాందోల్ అనే ఊరు. ఇటలీ సైనికుల కంట పడకుండా రాళ్ళ చాటున ఒక మారుమూల చోటు చూసుకున్నారు. కూస్తో వీపున మూడు సిలిండర్లు, ఇరవై కిలోలకు పైనే బరువు. స్నేహితుడు ఫ్రెడరిక్ ద్యూమా ఒడ్డున సిద్ధంగా ఉన్నాడు. మరి లోపల ఏదైనా తేడా వస్తే ఒడ్డున ఉన్న మనిషికి తెలిసేదెలా?

ఆ పని సిమోన్‌ది. ముఖానికి అద్దం, నోట్లో చిన్న గొట్టం పెట్టుకుని ఆవిడ నీళ్ళ మీద బోర్లా తేలుతూ, కింద భర్త ఎటు వెళితే అటు పైనుంచి వెళ్ళింది. తేడా కనిపిస్తే ఆవిడ సైగ చెయ్యాలి, వెంటనే ద్యూమా దూకాలి. ఇరవై నాలుగేళ్ళ పిల్ల. ఇంటి దగ్గర ఐదేళ్ళవాడొకడు, మూడేళ్ళు కూడా నిండనివాడొకడు. ఇంతకు ముందెవరూ వాడి చూడని యంత్రం తగిలించుకుని కట్టుకున్నవాడు కింద పల్టీలు కొడుతున్నాడు. ఆ చూపు ఎలా ఉండి ఉంటుందో నేను చెప్పలేనుగానీ, మీకు తెలుసు. పసిపిల్లాడికి జ్వరం నూట మూడు దాటిన రాత్రి మనం చూసే చూపు అది.

ఆ రోజు జరిగిన ఒక ముచ్చట కూస్తో తన పుస్తకంలో రాసుకున్నాడు. అడుగున ఒక గుహలో ఆయనకు లాబ్‌స్టర్లు కనిపించాయి. మన రొయ్యలకు పెద్దన్నల్లాంటివి. రెండు పట్టుకుని పైకి వస్తుంటే సిమోన్ ఊపిరి బిగబట్టి కిందికి దిగి అందుకుంది. పైకి తేలితే రాతి మీద గాలం వేసుకుని కూర్చున్న జాలరి ఒకడు కనిపించాడు. వాటిని కాస్త చూస్తూ ఉండమని అతనికి అప్పగించి, మిగతావాటి కోసం మళ్ళీ మునిగింది. నీళ్ళలోంచి ఒక ఆడమనిషి లేచి వచ్చి లాబ్‌స్టర్లు చేతిలో పెడితే పాపం ఆ జాలరి ఏమైపోయాడో! యుద్ధం రోజులు, తిండి గింజలకు కరువు. చరిత్రలో నిలిచిపోయే పరీక్ష జరుగుతున్న పూట కూడా రాత్రి భోజనానికి ఏమిటన్నది ఆవిడ చూసుకోక తప్పలేదని నవ్వుకున్నాను. సిలిండరు ఆయనకుంది, ఈవిడ దిగింది మాత్రం ఉత్త ఊపిరితో.

ఇది చదివాక నేను కాసేపు పుస్తకం మూసేశాను. ఎందుకో చెబుతాను.

గిద్దలూరు దగ్గర మా అవ్వగారి ఊళ్ళో ఒక దిగుడుబావి ఉండేది. వేసవి సెలవులకు వెళితే పొద్దస్తమానం అందులోనే. నా నడుముకు ఎండు సొరకాయ బుర్ర కట్టి మా చిన్నమామ ఈత నేర్పాడు. రెండు వేసవులకు బుర్ర తీసేశాను. పై మెట్టు మీంచి దూకి, అడుగున ఉన్న బురద పిడికెడు తెచ్చి చూపించేదాన్ని. మా తమ్ముడికి అంత లోతుకు వెళ్ళడం చేతనయ్యేది కాదు. పన్నెండో ఏట నేను పెద్దమనిషినయ్యాను. ఆ మరుసటి వేసవి అవ్వ నన్ను బావి దగ్గరికి పోనిచ్చింది, కానీ దిగనివ్వలేదు. గట్టున కూర్చుని తమ్ముడి చొక్కా నిక్కరు కాపలా కాయమంది. వాడు మునిగినప్పుడల్లా నేను పైనుంచి అంకెలు లెక్కపెట్టేదాన్ని. ముప్ఫై దాటితే గుండె దడ. ఆ బావి తర్వాత ఎండిపోయింది, చుట్టూ బోర్లు పడ్డాయి, ఇప్పుడు అందులో కంపచెట్లు. నేను మళ్ళీ ఈదలేదు.

మా పడమటి పల్లెల్లో నీళ్ళకీ ఆడవాళ్ళకీ ఉన్న చుట్టరికం చిత్రమైనది. ట్యాంకరు వస్తే బిందెలతో పరుగెత్తేది ఆడవాళ్ళే. ఫ్లోరైడు నీళ్ళు తాగి కాళ్ళు వంకర్లు పోయిన బిడ్డలకు కాపడం పెట్టేదీ ఆడవాళ్ళే. అంతెందుకు, మాకందరికీ గర్వకారణమైన కంభం చెరువును విజయనగర రాజకుమారి వరదరాజమ్మ కట్టించిందని చెప్పుకుంటాం. గుండ్లకమ్మకు అడ్డుకట్ట వేయించిన ఆడమనిషి ఉన్న చోట ఆడపిల్ల నీళ్ళలో దిగితే తప్పు! వానాకాలం మా మార్కాపురం పలకల గనుల గుంతలు నిండితే మగపిల్లలు దూకుతూనే ఉంటారు. ప్రమాదాలూ జరుగుతుంటాయి. అయినా ఈత మగపిల్లల సరదా, ఆడపిల్లల బరితెగింపు.

సరే, సిమోన్ దగ్గరికి వస్తాను. ఆవిడ గట్టున ఉండిపోలేదు. అదే ఏడాది తనూ ఆ సిలిండరు వీపుకు కట్టించుకుని దిగింది. ఆక్వాలంగ్ అని పేరు పెట్టిన ఆ సాధనంతో సముద్రంలోకి దిగిన మొదటి స్త్రీ ఆమే. తర్వాత కొడుకులిద్దరూ పసితనంలోనే నేర్చుకున్నారు.

జపాన్ సంగతి చెప్పాను కదా. ఆ దేశంలో ఆమా అని పిలిచే ఆడవాళ్ళు వందల ఏళ్ళుగా సముద్రంలోకి మునిగి నత్తగుల్లలు, నాచు తెచ్చి అమ్ముతున్నారు. ఏ సాధనమూ లేదు, ఊపిరి బిగబట్టడమే. లోతైన చోట భార్య మునుగుతుంటే భర్త పైన పడవలో కూర్చుని, ఆమె నడుముకు కట్టిన తాడు పట్టుకుని ఉంటాడు. ఆమె తాడు గుంజగానే పైకి లాగడం అతని పని. ఒంట్లో కొవ్వు కాస్త ఎక్కువ కాబట్టి ఆడవాళ్ళే చలికి తట్టుకుంటారని అక్కడివాళ్ళ నమ్మకం. మన దగ్గర రామేశ్వరం వైపు పంబన్ దీవిలో కూడా జాలరి స్త్రీలు చీర మీద మగవాళ్ళ చొక్కా తొడుక్కుని, నీళ్ళలో మునిగి సముద్రపు నాచు కోసుకొస్తారు. పొట్టకూటి కోసమైతే ఆడవాళ్ళు మునగవచ్చన్నమాట. సాహసం, పరిశోధన, సరదా అన్నప్పుడే ఇది మగవాళ్ళ వ్యవహారమన్న మాట పుడుతుంది.

యుద్ధం అయిపోయింది. కూస్తోకు సొంతంగా ఒక ఓడ కావాలనిపించింది. 1950లో గిన్నెస్ కుటుంబానికి చెందిన ఒక ధనికుడు పాత ఓడ ఒకటి కొని, ఏడాదికి ఒక్క ఫ్రాంకు అద్దెకు ఇచ్చాడు. యుద్ధంలో సముద్రపు మందుపాతరలు ఏరడానికి కట్టిన చెక్క ఓడ, నలభై రెండు మీటర్ల పొడవు. పేరు కలిప్సో. ఓడైతే దొరికింది. దాన్ని బాగుచెయ్యాలి, పరికరాలు పెట్టాలి, ఇంధనం పొయ్యాలి. ఎక్కణ్ణించి వస్తుంది డబ్బు? సిమోన్ తన నగలు అమ్మింది. ఇంధనానికి నగలు, దిక్సూచి వంటి పరికరాలకు తన ఖరీదైన ఫర్ కోటు.

నగలు అమ్మి ఇవ్వడం మనకేం కొత్త కాదు. బోరు వెయ్యడానికీ, ఆడబిడ్డ పెళ్ళికీ, మామగారి ఆపరేషనుకీ మెడలోవి, చేతులవి తీసి ఇచ్చినవాళ్ళం మనలో ఎందరో. ఇచ్చాక వాటి ఊసెత్తకూడదు, ఎత్తితే దెప్పినట్టవుతుంది. సిమోన్‌కీ మనకీ ఒక తేడా ఉంది. నగలు అమ్మిన డబ్బుతో నడిచిన ఆ ఓడను ఆవిడ వదిలిపెట్టలేదు. 1951లో కలిప్సో ఎర్రసముద్రం యాత్రకు బయల్దేరింది. అప్పటి నుంచి దాదాపు నలభై ఏళ్ళు అదే ఆమె ఇల్లు. మీటింగులకనీ, చందాలకనీ, సినిమాలకనీ కూస్తో దేశాలు పట్టుకు తిరుగుతుంటే, భర్త కంటే ఎక్కువ కాలం ఓడ మీద గడిపింది ఆవిడే.

పాతిక ముప్ఫై మంది మగవాళ్ళ మధ్య ఒక్కతే ఆడమనిషి. ఓడలో వాళ్ళు ఆమెను లా బెర్జేర్ అని పిలిచేవారు. గొర్రెల కాపరి అమ్మాయి అని అర్థం. మా వైపు గొర్రెల మందలు ఎరిగినవాళ్ళకు ఈ పేరు భలే నచ్చుతుంది. మంద ముందు నడిచేది పొట్టేలే, కానీ ఏది కుంటుతోంది, ఏది వెనకబడింది, ఏది మేత ముట్టలేదు అని చూసుకునేది వెనక కర్ర పట్టుకున్న మనిషి. దెబ్బలు తగిలితే కట్టు కట్టేది, గొడవలొస్తే సర్దిచెప్పేది, ఇంటి మీద బెంగ పెట్టుకున్న కుర్రాళ్ళను కూర్చోబెట్టి మాట్లాడేది. సరుకులూ డబ్బూ చూసుకునేది.

ఇన్ని చేసిన మనిషి కలిప్సో సినిమాల్లో మాత్రం ఎక్కడా సరిగ్గా కనపడదు. 1956లో కూస్తో, లూయీ మాల్ కలిసి తీసిన ది సైలెంట్ వరల్డ్ అనే సినిమాకు కాన్స్‌లో అత్యున్నత బహుమతీ, ఆ తర్వాత ఆస్కారూ వచ్చాయి. ఎర్ర టోపీలు పెట్టుకున్న మగవాళ్ళు, చేపలు, షార్కులు, తిమింగలాలు. ఆ తర్వాత ఏళ్ళ తరబడి టీవీలో వచ్చిన భాగాల్లోనూ అంతే. ఆమెకు కెమెరా అంటే గిట్టేది కాదనీ, తనే తప్పుకునేదనీ రాస్తారు. నిజమే అయి ఉంటుంది. కానీ నాకు పూర్తిగా మింగుడు పడలేదు. మా పెళ్ళయిన కొత్తలో ఇంట్లో అందరూ కలిసి ఫొటో దిగుతుంటే, నేను వంటింటి గుమ్మంలో నిలబడి నాకు ఫొటోలు పడవులే అన్నాను. చేతికి పిండి ఉంది. రమ్మని రెండోసారి ఎవరూ పిలవలేదు. ఆ తర్వాత నాకు ఫొటోలు ఇష్టం ఉండవన్నది మా ఇంట్లో స్థిరపడిపోయిన సంగతి. ఇష్టం లేకపోవడం కూడా ఒక్కొక్కసారి ఇలా మొదలవుతుంది.

అదే కాలంలో, అదే ఎర్రసముద్రంలో ఇంకో ఆడమనిషి కథ పూర్తిగా వేరేలా నడిచింది. ఆస్ట్రియాలో హాన్స్ హాస్ అని కూస్తోకు పోటీదారు. ఆయన దగ్గర లోటే అనే అమ్మాయి సెక్రటరీగా చేరింది. యాత్రల్లో ఆడవాళ్ళకు చోటు లేదని ఆయన పట్టుదల. ఆ పిల్ల ఊరుకోకుండా ఆయన లేనప్పుడు సాధన చేసి, కెమెరా పట్టుకుని డాన్యూబ్ నదీ ప్రాంతంలో నీళ్ళ కింద ఫొటోలు తీసింది. అవి పత్రికలో అచ్చయ్యాయి. అయినా ఆయన ఒప్పుకోలేదు. చివరికి, అందమైన అమ్మాయి తెర మీద ఉంటే సినిమా ఆడుతుందని సినిమావాళ్ళు పట్టుబట్టడంతో 1950 యాత్రలో చోటు దొరికింది. ఆ ఏడాదే ఇద్దరూ పెళ్ళి చేసుకున్నారు. చూశారా, లోటే నేర్చుకున్న విద్య ఆమెను ఓడ ఎక్కించలేకపోయింది, అందం ఎక్కించింది. ఒకామెను తెర మీదికి తోశారు, ఒకామె తెర పక్కకు తప్పుకుంది. ఇద్దరూ చేసింది మాత్రం ఒకటే పని, ప్రాణాలకు తెగించి లోతుకు దిగడం.

1963లో కూస్తో బృందం ఎర్రసముద్రంలో సూడాన్ తీరానికి దగ్గరలో, పది మీటర్ల లోతున ఒక ఇల్లు కట్టింది. నక్షత్రం ఆకారంలో ఇనుప ఇల్లు. ఐదుగురు మగవాళ్ళు నెల రోజులు అందులో బతికారు. సిమోన్ దిగి చివరి రోజుల్లో అక్కడే ఉంది. వాళ్ళ ఇరవై ఆరో పెళ్ళిరోజు నీళ్ళ అడుగునే జరుపుకున్నారు. సముద్రగర్భంలో కాపురమున్న మొదటి స్త్రీగా ఆమెను చెప్పుకుంటారు. ఆ మాట మీలో ఎంతమంది విన్నారు? నేనైతే వినలేదు.

ఆ మరుసటి ఏడాది, 1964లో, సిల్వియా అర్ల్ అనే అమెరికన్ శాస్త్రవేత్త హిందూ మహాసముద్ర యాత్రకు వెళ్ళింది. ఓడలో డెబ్భై మంది మగవాళ్ళు, ఆవిడ ఒక్కతే. అక్కడి పత్రికకు ఆమె పరిశోధన పట్టలేదు, ఆ డెబ్భై అంకె మీదే శీర్షిక పెట్టింది. 1970లో ఆవిడే నలుగురు స్త్రీలను వెంటబెట్టుకుని నీళ్ళ కింది ఇంట్లో రెండు వారాలు ఉండి పరిశోధన చేసింది. ఆడామగా కలిసి ఒకే ఇంట్లో ఉండటం అధికారులకు ఇబ్బంది అనిపించబట్టి, ఐదుగురు ఆడవాళ్ళ జట్టు విడిగా ఏర్పడింది. అప్పుడూ పత్రికలవాళ్ళు అడిగింది లిప్‌స్టిక్ గురించీ, జుట్టు ఆరబెట్టుకోవడం గురించీ. మా ఇంట్లో ఆ రోజు లేచిన ప్రశ్నలు గుర్తొచ్చి, మార్కాపురానికీ అమెరికాకూ పెద్ద దూరం లేదనుకున్నాను.

ఇంకో ముచ్చట కూడా మన మధ్య మనం చెప్పుకోవాలి. నెలసరి రోజుల్లో నీళ్ళలో దిగితే షార్కులు వెంటపడతాయని చాలాకాలం ఆడవాళ్ళను భయపెట్టారు. ఆ భయానికి ఆధారమేమీ దొరకలేదు. గర్భిణులు మాత్రం స్కూబాకు దిగవద్దని వైద్యులు చెబుతారు, అది పాటించాల్సిందే. పూర్వం తొడుగులూ, అద్దాలూ, నడుము పట్టీలూ అన్నీ మగవాళ్ళ కొలతలకే తయారయ్యేవి. వదులైన తొడుగులో చల్లటి నీళ్ళు దూరి ఆడవాళ్ళు వణికిపోతే, చూశారా వీళ్ళు తట్టుకోలేరు అనేవారు!

సిమోన్ జీవితంలో చివరి పదేళ్ళు రాయడానికి నా చెయ్యి సాగడం లేదు. 1979 జూన్ 28న చిన్నకొడుకు ఫిలిప్ నడుపుతున్న నీటి విమానం పోర్చుగల్‌లో లిస్బన్ దగ్గర తేజో నదిలో ప్రమాదానికి గురైంది. ఫిలిప్ పోయాడు. ముప్ఫై ఎనిమిదేళ్ళవాడు. తండ్రి వారసుడిగా తయారైనవాడు. సముద్రంలో ఎన్నో వేలసార్లు దిగి లేచిన కుటుంబం అది. పోగొట్టుకున్నది నది మీద.

ఆ తర్వాత కూడా ఆవిడ ఓడ మీదే ఉంది. ఆ రోజుల్లోనే కూస్తోకు వేరొక స్త్రీ ద్వారా 1980లో ఒక కూతురు, 1982లో ఒక కొడుకు పుట్టారు. సిమోన్ 1990 డిసెంబరు 1న మొనాకోలో కాన్సరుతో కన్నుమూసింది. డెబ్భై ఒక్క ఏళ్ళు. ఆమె చితాభస్మాన్ని మొనాకో ఎదుట సముద్రంలో కలిపారు. ఏడు నెలలు తిరక్కుండా, 1991 జూన్‌లో, ఎనభై ఏళ్ళు దాటిన కూస్తో ఆ రెండో స్త్రీని పెళ్ళి చేసుకున్నాడు. ఇది చదివి మా అక్క అంత దూరాన ఉన్న ముసలాయన్ని నోటికొచ్చినట్టు తిట్టింది. మా అత్తయ్య మాత్రం ఏమీ అనలేదు. కాసేపాగి, నగలు తిరిగి చేయించాడా అని అడిగారు.

1996 జనవరిలో సింగపూర్ రేవులో ఒక బల్లకట్టు గుద్దుకుని కలిప్సో మునిగిపోయింది. తర్వాత పైకి తీశారు, కానీ మళ్ళీ యాత్రలకు పోలేదు. మరుసటి ఏడాది జూన్‌లో కూస్తో పోయాడు. ప్రపంచమంతా పత్రికలు మొదటి పేజీలో రాశాయి.

మా అక్క కూతురికి ఇదంతా ఫోన్‌లో చెప్పాను. బాందోల్ సంగతి మళ్ళీ చెప్పించుకుంది. మర్నాడు నాకో కాగితం పంపింది. స్కూబాకు దిగే ముందు నింపాల్సిన ఆరోగ్య పత్రం. ఉబ్బసం ఉందా, గుండెజబ్బు ఉందా, చెవి నొప్పి వచ్చేదా, గర్భవతివా, ఆపరేషన్లేమైనా అయ్యాయా అని అడుగుతారు. వేసవి సెలవుల్లో రా పిన్నీ, నిన్ను దింపించే పూచీ నాది అని రాసింది.

చెవి నొప్పి దగ్గర ఆగాను. బావి అడుగుకు దిగినప్పుడు చెవులు గడియ పడ్డట్టు బిగుసుకోవడం, ముక్కు మూసుకుని ఊదితే ఠప్పున తెరుచుకోవడం ఇరవై ఆరేళ్ళ తర్వాత గుర్తొచ్చింది. లేదు అని రాశాను. సగం పైగా నింపాను. ఈత వచ్చా అని కూడా పిల్ల విడిగా అడిగింది. ఆ జవాబు ఇంకా రాయలేదు. ఒంగోలు అవతల కొత్తపట్నం సముద్రానికి వచ్చే ఆదివారం వెళదామని మావారితో అన్నాను. అక్కడ ఏం పని అన్నారు.